పాత విత్తనమా కొత్త ప్యాకెట్టా, బూడిద కుండా ఫ్రిజ్జా: మా పర్లాకిమిడి తేమలో ఏది నిలబడుతుంది

జూన్ వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న, పోయినేడు మిగిలిన బెండ గింజలు వేసేయొచ్చా లేకపోతే మళ్ళీ ప్యాకెట్ కొనాలా అని. దీనికి ఔను కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం, ఏ కూరగాయ, ఎన్నాళ్ళది, ఇన్నాళ్ళూ ఎక్కడ పడుంది అనే మూడూ తెలియాలి. మాది మహేంద్రతనయ ఏటి పక్కన 70 సెంట్ల మడి, నేను టెక్కలి వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చి 18 ఏళ్ళు, ఒక బస్తా ఎరువుకి ఆంధ్రాలో పాతపట్నం, ఒక ప్యాకెట్ విత్తనానికి ఒడిశాలో మా పర్లా బజారు, ఇలా రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతూనే ఉంటాం. అటు విత్తనం అంటారు, ఇటు ఒడియాలో బిహన అంటారు, ఏ పేరుతో కొన్నా వానాకాలంలో సంచీలో వదిలేస్తే రెండూ ఒకేలా చస్తాయి.

పోయినేడు మే నెలాఖర్లో చేసిన పని చెప్తా. బీరువా కింద సొరుగులో మూడేళ్ళ నాటి బెండ ప్యాకెట్ దొరికింది, సగం వాడి రబ్బరు బ్యాండ్ వేసి పడేసింది. అందులోంచి 25 గింజలు, ఆ వారమే కొన్న ప్యాకెట్ లోంచి 25 గింజలు, రెండు గ్లాసుల్లో రాత్రి నానబెట్టాను. పొద్దున్న చూస్తే కొత్త గింజల నీళ్ళు కాస్త రంగు తిరిగాయి అంతే, పాత గింజల నీళ్ళు మాత్రం పలచటి గంజిలా మసకగా ఉన్నాయి, వేళ్ళ మధ్య రాస్తే జిగురు. రెండింటినీ విడివిడిగా తడి గుడ్డల్లో చుట్టి పెట్టా. నాలుగో రోజుకి కొత్తవాటిలో 20 మొలిచాయి, తెల్లటి వేళ్ళు గుడ్డలోకి దిగిపోయి లాగితే తెగేలా ఉన్నాయి. పాతవాటిలో 6. సరే ఆగుదాం అని పదో రోజు దాకా ఆగితే 11 అయ్యాయి కానీ మూడింటికి వేరు కొస అప్పుడే గోధుమరంగు తిరిగింది. ఆ 11 మడిలో పెడితే రెండాకులు దాటి నిలబడ్డవి ఆరంటే ఆరు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే విత్తనం ఒక్కసారిగా చావదు, ముసలిదవుతుంది. ముందు ఊపు పోతుంది, అంటే మొలుస్తుంది కానీ ఆలస్యంగా, ఒకటి ఇవాళ ఒకటి వచ్చే వారం అన్నట్టు, కాస్త ఎక్కువ వాన పడినా కాస్త మట్టి గట్టిపడినా పైకి రాలేదు. ఆ తర్వాతే మొలక శాతం పడిపోతుంది. అందుకే గుడ్డలో 60 మొలిచిన పాత విత్తనం, గుడ్డలో 60 మొలిచిన కొత్త విత్తనం రెండూ ఒకటి కావు, మడిలో తేడా కనిపిస్తుంది. లోపల జరిగేది కూడా మనకి తెలిసినదే, పాత వేరుశెనగ పప్పు నోట్లో వేసుకుంటే ముక్కిన వాసన వస్తుంది చూడండి, గింజలో ఉన్న నూనె గాలితో కలిసి చెడిపోవడం అది, విత్తనంలో కణాల చుట్టూ ఉండే సన్నటి పొరల్లో కూడా అలాంటి కొవ్వే ఉంటుంది, అది చెడితే పొర కారుతుంది, నానబెట్టగానే లోపలి చక్కెరలు ఉప్పులు బయటికి వచ్చేస్తాయి. నా గ్లాసులో గంజి నీళ్ళు అదే. ఆ కారిన తీపికి మట్టిలో బూజు కూడా ఎగబడుతుంది, అందుకే పాత గింజ కుళ్ళేది ఎక్కువ. విత్తనం పరీక్షించే ల్యాబుల్లో ఆ నానబెట్టిన నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి గింజ ఊపు చెప్తారు, మనకి అంత అక్కర్లేదు, కంటికి కనిపించేది చాలు.

ఏది దాచొచ్చు, ఏది ప్రతి ఏడూ కొనాలి

అందరూ అన్ని విత్తనాలనీ ఒకే గాటన కట్టేస్తారు, అక్కడే తప్పు. ఉల్లి విత్తనం అన్నింటికన్నా అల్పాయుష్షు, ఏడాది దాటితే నమ్మొద్దు, నేనైతే ఉల్లి నారు పోసేవాళ్ళకి ఎప్పుడూ చెప్పేది మిగిలింది ఎవరికైనా ఇచ్చేయండి, దాచకండి అని. బెండ, మిరప రెండేళ్ళు, అదీ బాగా దాస్తే. చిక్కుడు, బొబ్బర్లు, బీన్స్ మూడేళ్ళు అంటారు కానీ వాటికి ముసలితనం కన్నా పురుగు ముందొస్తుంది, దాని సంగతి తర్వాత. టమాటా, వంగ, ముల్లంగి, గుమ్మడి, ఆనప నాలుగేళ్ళ దాకా పర్లేదు, దోస అయిదేళ్ళు కూడా వస్తుంది. ఈ లెక్కలు పుస్తకాల్లో రాసేవి చల్లగా పొడిగా దాచినప్పటివి, మన దగ్గర గది అలమరాలో పెడితే సగానికి కొట్టేసుకోండి. అంటే ఉల్లి ఒక్క వానాకాలం కూడా దాటదు, బెండ ఒక్కటి దాటుతుందేమో, టమాటా రెండు దాటుతుంది.

అందుకే ప్యాకెట్ కొనాలా పాతది వాడాలా అన్నప్పుడు నా తూకం ఇది. ఉల్లి, బెండ అయితే ఆలోచించకుండా కొత్తది, పైగా వీటికి ఎకరం లెక్కన గింజ ఎక్కువ పడుతుంది, మొలవకపోతే అదును పోతుంది, ఆ అదును ఖర్చు ముందు ప్యాకెట్ ఖర్చు ఏపాటిది. టమాటా, వంగ హైబ్రిడ్ అయితే 10 గ్రాముల ప్యాకెట్టే వందల్లో ఉంటుంది, మిగిలితే పారేయకుండా దాయండి, వచ్చే ఏడు నారుమడిలో కాస్త ఒత్తుగా పోస్తే సరిపోతుంది, నారులో బలమైనవే ఏరి నాటుతాం కాబట్టి నష్టం తక్కువ. నేరుగా మడిలో గుంటలు తీసి పెట్టే బెండ, బీర లాంటివాటికి ఆ వీలు లేదు, మొలవని చోట ఖాళీయే. తప్పనిసరై పెట్టాల్సి వస్తే గుంటకి రెండు మూడు గింజలు వేసి, పక్కన కాగితం కప్పుల్లో కొన్ని మొలిపించి ఉంచుకోండి, ఖాళీలు నింపడానికి.

హైబ్రిడ్ గురించి ఒక మాట, మిగిలిన ప్యాకెట్ దాచడం వేరు, ఆ హైబ్రిడ్ కాయ నుంచి గింజ తీసి దాచడం వేరు. రెండోది చేస్తే గింజ ఎంత కొత్తదైనా తల్లి లాంటి కాయ రాదు, ఒక్కో మొక్క ఒక్కో రకంగా కాస్తుంది, దాన్ని మళ్ళీ విత్తనం పాతబడిపోయింది అనుకుంటారు కొంతమంది. ఇంట్లో విత్తనం కట్టాలంటే దేశవాళీ గానీ, అర్క అనామిక, పర్భని క్రాంతి లాంటి మామూలు బెండ రకాలు గానీ, భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఉత్కళ్ పేరుతో వచ్చే రకాలు గానీ తీసుకోండి.

ఇంకోటి, కొత్తదంటే మరీ ఇప్పుడే కాయలోంచి తీసింది అని కాదు. వంగ, తోటకూర గింజలు తీసిన వెంటనే వేస్తే కొన్నిసార్లు మొలవవు, నిద్రలో ఉంటాయి, ఒకటి రెండు నెలలు పొడిగా ఉంచాక లేస్తాయి. మా ఆడపడుచు ఒకసారి మాగిన వంకాయ లోంచి ఆదివారం గింజ తీసి బుధవారం చల్లి, మొలవలేదని నన్ను తిట్టింది. అదే గింజ సంక్రాంతి తర్వాత వేస్తే దట్టంగా లేచింది, ఆ మాట మాత్రం చెప్పడానికి రాలేదు.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

ధర చూసే ముందు పరీక్ష తేదీ చూడండి. మన చట్టం ప్రకారం మామూలుగా పరీక్ష చేసిన తేదీ నుంచి 9 నెలలు చెల్లుబాటు. నీలం ట్యాగ్ ఉంటే సర్టిఫైడ్, లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటే కంపెనీ తన మాట మీద అమ్ముకునే ట్రూత్‌ఫుల్ లేబుల్, కూరగాయల్లో మనకి ఎక్కువ దొరికేది రెండోదే, అందులో తప్పేం లేదు. కనీస మొలక శాతం కూరగాయని బట్టి ఉంటుంది, టమాటా, వంగ, ఉల్లి, ముల్లంగికి 70, బెండకి 65, మిరపకి, ఆనప బీర కాకర జాతికి 60, బొబ్బర్లకి 75. ఈ 60, 70 అనేవి గడప లాంటివి, అంతకన్నా ఎక్కువ ఉంటేనే కొనాలి గానీ అంచు మీద ఉన్నది కొంటే ఇంటికొచ్చేసరికి దిగిపోతుంది. సర్టిఫైడ్ విత్తనం గడువు అయ్యాక మళ్ళీ పరీక్ష చేసి పాసైతే 6 నెలలు పొడిగిస్తారు, అది చట్టబద్ధమే, కానీ అది పాత విత్తనం అన్న సంగతి మీకు తెలిసుండాలి కదా.

నాకొకసారి ఒక దుకాణంలో కాకర ప్యాకెట్ ఇచ్చారు, తేదీ మీద చిన్న తెల్ల స్టిక్కర్, దాని మీద కొత్త తేదీ పెన్నుతో. అప్పుడు చూసుకోలేదు, పాకెట్టు చించాక గోటితో గీకితే కింద రెండేళ్ళ నాటి తేదీ. 40 గింజల్లో 9 మొలిచాయి. వెళ్ళి అడిగితే నీళ్ళు ఎక్కువ పోసుంటారు అన్నాడు. బిల్లు లేదు, ఏం చేస్తాం. అప్పట్నుంచి బిల్లు మీద లాట్ నంబర్ రాయమంటాను, రాయను అన్న దుకాణంలో కొనను, విత్తనం అంతా వేసేయకుండా పది గింజలు ప్యాకెట్ తోనే ఉంచుకుంటాను.

ప్యాకెట్ కన్నా ముఖ్యం అది దుకాణంలో ఎక్కడ వేలాడుతోంది అన్నది. మధ్యాహ్నం ఎండ కొట్టే అద్దాల బీరువాలో ముందు వరసలో ఉన్నది తీసుకోవద్దు, వెనక నుంచి ఇవ్వమనండి, నవ్వినా పర్లేదు. కాగితం ప్యాకెట్, రేకు ప్యాకెట్ రెండూ ఉంటే మన తేమకి రేకు ప్యాకెట్టే, ఎందుకంటే అందులో పెట్టే గింజని ఇంకా బాగా ఆరబెట్టి మూస్తారు. టమాటాకి మామూలు ప్యాకెట్ అయితే 8 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు, తేమ చొరని ప్యాకెట్ అయితే 6 శాతమే. కాకపోతే రేకు ఒకసారి చించాక దాని గొప్పతనం అయిపోయినట్టే.

ఇక సంతలో దొరికే విడి గింజలు. వానలకి ముందు కొండల మీద నుంచి సవర ఆడవాళ్ళు చిక్కుడు, బొబ్బర్లు, గుమ్మడి గింజలు చిన్న చిన్న పోగులు పెట్టి అమ్ముతారు. వీటి మీద తేదీ ఉండదు, లేబుల్ ఉండదు, కానీ దుకాణం ప్యాకెట్ కన్నా తీసిపారేసేవేం కావు, చాలామంది పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసి ఉంచుతారు, ఆ వేడికీ పొగకీ తేమా పురుగూ దూరం. బొబ్బర్లు కొనేటప్పుడు రంగు చూడండి, పాతబడ్డ కొద్దీ ముదురుతాయి. గుండ్రటి బెజ్జాలు ఒక్కదానికి ఉన్నా మిగతా వాటిలో పురుగు ఉన్నట్టే లెక్క. నేను మేలోనే ఒక పోగు కొని మొలిపించి చూసి, బాగుంటే తర్వాతి సంతలో అదే అమ్మ దగ్గర మిగతావి తీసుకుంటా.

బూడిద కుండ, సీసా, ఫ్రిజ్

అసలు గొడవ ఇక్కడే ఉంది. విత్తనాన్ని ముసలిది చేసేవి రెండు, తేమ, వేడి. హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన ఒక మోటు లెక్క ఉంది, విత్తనాల వాళ్ళందరూ వాడేదే. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు, వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు. తేమ లెక్క 5 నుంచి 14 శాతం మధ్యలోనే నడుస్తుంది. గాలిలో తేమ 75 ఉంటే బెండ గింజ ఆ గాలిని పీల్చుకుని 13 శాతం దగ్గర నిలబడుతుంది, అదే గింజని 8కి ఆరబెట్టి మూసేస్తే అయిదు మెట్లు దిగినట్టు, రెండు రెండ్లు నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అంటే 32 రెట్ల తేడా. లెక్క అక్షరాలా అలాగే రాకపోవచ్చు గానీ ఎటు మొగ్గాలో తెలుస్తుంది కదా.

ఇంకో సులువు లెక్క కూడా ఉంది. ఫారన్‌హీట్ లో వేడి, గాలిలో తేమ శాతం రెండూ కలిపితే 100 లోపు ఉండాలి. మా ఇంట్లో జూలైలో గది వేడి 86, గాలిలో తేమ 85 వేసుకుందాం, మొత్తం 171. అలమరాలో కాగితం ప్యాకెట్ ఎందుకు చస్తుందో అర్థమైందా. ఇప్పుడు చాలామంది చేసే పని, ఆ కాగితం ప్యాకెట్ నే ఫ్రిజ్ డోర్ లో పెట్టడం. అక్కడ వేడి 40, బాగుంది, కానీ ఫ్రిజ్ లోపల తేమ 75 ఉందనుకోండి, 115. అదే బాగా ఆరిన గింజని గట్టి మూత సీసాలో తేమ పీల్చేదేదైనా వేసి మామూలు గదిలో పెడితే వేడి 86, సీసా లోపల తేమ 25, మొత్తం 111. అంటే ఫ్రిజ్ లో విడిగా ఉన్న ప్యాకెట్ కన్నా గదిలో పొడి సీసా మెరుగు! ఆ సీసానే ఫ్రిజ్ లో పెడితే 65, ఇంక దాన్ని కొట్టేది లేదు. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ముందు చల్లదనం మీద కాదు, ఆరబెట్టడం మీద, మూత మీద.

నేను ఈ లెక్క చదివే ముందే తిత్లీ తుఫాను నేర్పింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, ఇటు మా గజపతి జిల్లాని కూడా నలిపేసింది. మా వీధికి కరెంటు వారం పైనే రాలేదు. ఫ్రిజ్ డోర్ లో నా ప్యాకెట్లు పన్నెండు, ఐస్ కరిగి నీళ్ళు కారి, లోపల వెచ్చగా తడిగా, తలుపు తీసేసరికి కాగితాలకి నల్లటి బూజు. అన్నీ పోయాయి, ఒక్క టమాటా తప్ప, అది హార్లిక్స్ సీసాలో ఉంది. మా అత్తగారి బూడిద కుండ మాత్రం అటక మీద పైన తాటాకు కప్పుకుని చెక్కు చెదరకుండా ఉంది. ఓలమ్మా, మిసిన్లో ఎట్టుకున్నావు, ఇప్పుడేటయినాది, అని ఆవిడ ఆ ఏడంతా అంటూనే ఉంది. ఫ్రిజ్ ని ఆవిడ మిసిన్ అంటుంది.

కానీ బూడిద కుండని నేను పూర్తిగా నెత్తిన పెట్టుకోను. అది దేనికి మంచిదంటే బొబ్బర్లు, చిక్కుడు, పెసలు లాంటి పప్పు జాతికి. వాటికి పట్టే పెంకు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టేసి ఇంటికి వస్తుంది, గింజ మీద అతుక్కున్న తెల్ల చుక్క కనిపిస్తుంది చూడండి అదే, లోపలికి దొలుచుకుని వెళ్ళి నెల తిరిగేసరికి గుండ్రటి బెజ్జం చేసి బయటికొచ్చి మళ్ళీ గుడ్లు పెడుతుంది. బూడిదలో అది కదల్లేదు, జత కట్టలేదు, అక్కడితో వంశం ఆగుతుంది. అత్తగారు చేసేది గింజకి సమానంగా బూడిద, కలిపి కుండలో పోసి పైన రెండు వేళ్ళ మందం బూడిద పొర, మధ్యలో వేపాకు, నోటికి గుడ్డ కట్టి పేడ మట్టితో మెత్తడం. బూడిద జల్లించి, పూర్తిగా చల్లార్చి, అదే రోజు వాడాలి, నెల్లాళ్ళు మూల పడున్న బూడిద అప్పటికే తేమ పీల్చేసి ఉంటుంది. మట్టి కుండకి ఊపిరి ఉంటుంది, వానాకాలం గడిచేకొద్దీ బూడిద కూడా చెమ్మగిల్లుతుంది, అందుకే ఆవిడ వానలు వెలిసిన ఎండకి ఒకసారి దించి ఆరబోసి మళ్ళీ కడుతుంది. ఆ ఓపిక మీకుంటే ఒక ఏడాదికి బూడిద కుండ చాలు. ఓపిక లేకపోతే కిలో గింజకి ఒక చెంచా వేరుశెనగ నూనో వేప నూనో పట్టించి డబ్బాలో పెట్టినా పురుగు గుడ్డు పెట్టదు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయకండి, పిల్లలున్న ఇంట్లో అది విషం.

ఉల్లి, మిరప, టమాటా లాంటి చిన్న గింజలకి మాత్రం బూడిద నా ఓటు కాదు, తర్వాత వేరు చేయడం ఒక నరకం, పైగా రెండు మూడేళ్ళు దాచాలంటే కుండ సరిపోదు. వీటికి సీసా. పాత కాఫీ సీసా, హార్లిక్స్ సీసా, మూత లోపల రబ్బరు పొర ఉన్నది. ప్లాస్టిక్ కవర్లో ముడేసి పెడితే గాలి చొరదు అనుకుంటారు, పల్చటి కవర్లోంచి తేమ మెల్లగా దూరుతూనే ఉంటుంది.

తేమ పీల్చడానికి సిలికా జెల్ మంచిది, పూసల రంగు మారితే అయిపోయిందని తెలుస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది విషం, నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారేది తీసుకోండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు దాచుకునేవాళ్ళున్నారు, అవి మీ చేతికొచ్చేసరికే తేమతో నిండిపోయి ఉంటాయి. నేనెక్కువ వాడేది బియ్యం. ఒక గ్లాసు బియ్యం మూకుట్లో సన్నటి సెగ మీద లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి, వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగించి చల్లార్చి, చల్లారాక సీసా సగానికి పోసి, దాని మీద గింజలు గుడ్డలో మూట కట్టి పెట్టడం. రెండు వారాలకి ఆ బియ్యం తీసేసి కొత్తగా వేయించినవి పోస్తే ఇంకా మంచిది. వేయించకుండా డబ్బాలో బియ్యం పోస్తే లాభం లేదు, అందులోనే బోలెడు తేమ ఉంటుంది.

సీసాకి ఒక పెద్ద ప్రమాదం ఉంది, అది చాలామందికి తెలియదు. సరిగా ఆరని గింజని గాలి చొరకుండా మూస్తే అది కుండలో పెట్టినదాని కన్నా త్వరగా చస్తుంది, దాని తడి దానికే బిగిసిపోయి బూజు పట్టి వేడెక్కి పోతుంది. ఆరిందో లేదో ఎలా తెలుసుకోవాలి అంటే గుమ్మడి, దోస గింజ వంచితే వంగకూడదు, టక్కున విరగాలి. బొబ్బర గింజ మీద గోరు దిగకూడదు. ఇంకో ఉపాయం పొడి ఉప్పు, మూకుట్లో వేయించిన ఉప్పు రెండు చెంచాలు, గింజలు కొన్ని సీసాలో వేసి బాగా ఊపి పావు గంట ఆగితే ఉప్పు సీసా గోడకి అంటుకుంటే గింజలో తేమ 15 శాతం పైనే అన్నట్టు. అంటుకోకపోతే 15 లోపు ఉంది అంతే, 8కి వచ్చిందని కాదు, ఇంకా ఆరబెట్టాలి.

ఆరబెట్టడంలో కూడా ఎంపిక ఉంది. మధ్యాహ్నం ఎండలో రేకు మీదో సిమెంటు డాబా మీదో పోస్తే త్వరగా ఆరుతుంది నిజమే కానీ తడి గింజ 40 డిగ్రీల సెల్సియస్ దాటి కాలితే లోపల పిండం దెబ్బతింటుంది, మన డాబా మే నెలలో పాదం పెట్టనివ్వదు కదా. మొదటి రెండు రోజులు నీడలో గాలికి, తర్వాత పొద్దున్న తొమ్మిదిలోపు ఎండ, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ, చేట మీదో గుడ్డ మీదో. టమాటా గింజ అయితే ముందు గుజ్జుతో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, జిగురు వదిలాక కడిగి ఆరబెట్టండి, కాగితం మీద పోస్తే అతుక్కుపోతుంది, పింగాణీ పళ్ళెం మేలు. ఏ కాయ విత్తనానికి ఉంచాలి అంటే నా దృష్టిలో వానాకాలం కాయ కన్నా శీతాకాలం కాయ, ఇక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, ఆరబెట్టే పని సగం ఆ గాలే చేసేస్తుంది. బీర అయితే ఇంకా సుఖం, కాయని పాదు మీదే ఎండనిచ్చి చూరుకి వేలాడదీస్తే అదే సంచి, ఊపితే గలగలమనాలి, వేసవిలో అడుగు మూత విరిచి గింజలు దులుపుకుని పీచు ఒళ్ళు తోముకోడానికి. అయితే చూరు కింద వేలాడినంత మాత్రాన వానాకాలం దాటదు, జూన్ లోపు సీసాలోకి దించేయాలి.

ఫ్రిజ్ ఎవరికి అవసరం? నలుగురికి పంచే దేశవాళీ రకం మీ దగ్గరే మిగిలింది, అయిదారేళ్ళు పోకూడదు అనుకుంటే సీసాతో సహా ఫ్రిజ్. లేకపోతే ఉల్లి గింజ ఆరు నెలలు కాపాడాలి అనుకుంటే. మామూలుగా వచ్చే ఏడాదికి దాచుకునే టమాటా వంగకి ఇంట్లో కల్లా చల్లటి మూల, మా ఇంట్లో అయితే మంచం కింద ట్రంకు పెట్టె, చాలు. అటక వద్దు, పెంకుల కింద మే నెల వేడికి సీసా ఎంత పొడిగా ఉన్నా లెక్క తప్పుతుంది, అత్తగారితో నాకు ఇప్పటికీ వాదన నడుస్తున్నది ఇదొక్కటే. రంగు పూసిన గింజలు, గులాబీ ఆకుపచ్చ రంగుల్లో వచ్చేవి, మందు పట్టించినవి, అవి వంట వస్తువులున్న ఫ్రిజ్ లో పెట్టాల్సి వస్తే సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పైన ఇంకో డబ్బా.

మొలక చూసుకోవడం

ఇంత చేసినా వేసే ముందు రెండు వారాలు ఉండగానే పరీక్ష చేయండి. ల్యాబుల్లో 400 గింజలు పెడతారు, మనకి 50 చాలు, తక్కువుంటే 20. తడి గుడ్డలో లేదా న్యూస్ పేపర్లో వరసగా పేర్చి చుట్టి, కవర్లో పెట్టి, నీళ్ళు కారేంత తడి కాకుండా చెమ్మగా ఉంచాలి. తొందరపడి తీసేయకండి, బొబ్బర్లు, దోస 8 రోజులు, ముల్లంగి 10, ఉల్లి 12, టమాటా వంగ మిరప ఆనప 14, బెండ అయితే 21 రోజుల దాకా ల్యాబులు కూడా ఆగుతాయి. కానీ నేను మొదటి లెక్క అయిదో రోజు ఒకటి రాసుకుంటా, టమాటాకి ఏడో రోజు. చివరి లెక్క ఎంత మొలిచిందో చెప్తుంది, మొదటి లెక్క ఎంత ఊపుందో చెప్తుంది. మొత్తం 70 శాతం వచ్చి మొదటి లెక్కలోనే 60 శాతం ఉంటే ధైర్యంగా మడిలో వేస్తా. మొత్తం 70 వచ్చినా మొదట్లో 20 మాత్రమే ఉంటే నారు ట్రేలో పోస్తా, మడిలో కాదు. 40 లోపు ఉంటే ఆ రకం ఇంకెక్కడా దొరకనిది అయితే తప్ప పెంటకుప్ప మీదికి.

ఒక్కటి మర్చిపోయా. ఫ్రిజ్ సీసా తీసిన వెంటనే మూత తిప్పకండి, చల్లటి గింజ మీద మన గాలి చెమట పట్టేస్తుంది, ఇన్నాళ్ళ పొడితనం అయిదు నిమిషాల్లో పోతుంది. రాత్రి తీసి బయట పెట్టి పొద్దున్న తెరవండి. బొబ్బర్లు, చిక్కుడు అయితే తెరిచాక కూడా నేరుగా నీళ్ళలో నానబెట్టొద్దు, మరీ ఎండిన పప్పు గింజ ఒక్కసారిగా నీళ్ళు తాగితే లోపల పగులుతుంది, ఒక పగలంతా పళ్ళెంలో పోసి వంటింటి గట్టు మీద వదిలేసి, మర్నాడు విత్తుకోండి.